సలహాలు అందరూ పంపుతున్నారు, వారం రోజులు ఉండటానికి ఒక్కరూ రావట్లేదు (అత్తకి నోటి కాన్సర్, విశాఖలో కరెంటు)

కిమిడి కోడలు
మాది పర్లాకిమిడి. అత్తకి అరవై దాటాయి. పెళ్ళికి ముందు నుంచే అడ్డపొగ అలవాటు, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట తాగుతుంది. అంగిట్లో పుండు లేచి ఎన్నాళ్ళకీ మానకపోతే బరంపురం తీసుకెళ్ళాం. ముక్క తీసి పరీక్షకి పంపారు, కాన్సర్ అని తేలింది. విశాఖలో ఆపరేషన్ అయింది. ఇప్పుడు 30 కరెంట్లు (రేడియేషన్) పెట్టాలి, దాంతోపాటు వారానికోసారి కీమో అన్నారు. శని, ఆదివారాలు సెలవు కాబట్టి ఆరు వారాలు అక్కడే గది తీసుకుని ఉండాలి.

జబ్బు సంగతి డాక్టర్లు చూసుకుంటారు, నా బాధంతా మనుషులతో. అత్తకి ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. పెద్ద బావగారు భువనేశ్వర్‌లో ఉద్యోగం, మా ఆయనకి ఇక్కడ షాపు, మరిది సూరత్‌లో మరమగ్గాల పని, ఆడపడుచు బరంపురంలో ఉంటుంది. వాట్సాప్ గ్రూపు పెట్టారు. తెల్లారితే చాలు లక్ష్మణఫలం ఆకుల కషాయం, గోధుమగడ్డి రసం, పంచదార మానేస్తే గడ్డ ఎండిపోతుందని వీడియోలు. "ఏ వారం రమ్మంటావు" అని మాత్రం ఒక్కరూ అడగరు. కోడలు ఉంది కదా అని అందరికీ ధీమా. అవతల నా కూతురికి మెట్రిక్ పరీక్షలు దగ్గరపడుతున్నాయి.

అత్తంటే నాకు ఇష్టమే, చెయ్యనని అనటం లేదు. మీ ఇళ్ళల్లో ఎవరెవరు ఎలా పంచుకున్నారు? నోరు పూసిపోతే ఏం పెట్టారు? పలకరింపుకి వచ్చే చుట్టాలని ఎలా ఆపారు?

బరంపురం బాబ్జీ
పంచదార మానేస్తే గడ్డ ఎండిపోతుందా? మా నాన్న షుగర్ పేషెంటు, కాఫీలో కూడా పంచదార వేసుకోలేదు ఏళ్ళ తరబడి. ఆయనకీ వచ్చింది కాన్సర్. ఆ వీడియో పంపిన పెద్దమనిషిని ఓసారి మా నాన్నతో మాట్లాడించండి.

గుణుపురం మాస్టారు
అమ్మాయ్, ముందు ఆ గ్రూపులో సాయం కావాలి అని రాయకు. ఎవరూ కదలరు. తేదీలు రాయి. ఫలానా సోమవారం నుంచి శుక్రవారం వరకు ఎవరు, ఆ తర్వాతి సోమవారం ఎవరు అని. పేరు ఖాళీగా కనబడితే సిగ్గుకైనా ఒకడు రాస్తాడు. మా ఆవిడకి రొమ్ము కాన్సర్ వచ్చినప్పుడు నేను చేసింది అదే. క్యాలెండర్ కాగితం చింపి గోడకి అంటించి, ఫొటో తీసి అందరికీ పంపాను. ఒక బావమరిదికి కోపం వచ్చింది, హాజరుపట్టీ వేశానని. వస్తే రానీ అనుకున్నాను.

రెండోది, మీ ఆయన షాపు సంగతి. షాపు ఉన్నవాడికి తాళం కూడా ఉంటుంది కదా. కొడుకులు ముగ్గురూ డబ్బు లెక్కలు చూసుకుని, నోరు కడగటం, గుడ్డలు ఉతకటం కోడలికి వదిలేస్తే నాకు నచ్చదు. మగాడికి చేతకాదు అనేది ఒట్టి సాకు. మా ఆవిడకి జుట్టు రాలేముందు దువ్వింది నేనే, ఆపరేషన్ గాయం దగ్గరి డ్రెయిన్ సీసాలో నీరు కొలిచి చీటీ మీద రాసింది నేనే. నేర్చుకుంటే వస్తుంది.

సూరత్ సింహాచలం
దూరాన ఉన్నవాడంటే అందరికీ లోకువే మాస్టారూ. మాది గంజాం జిల్లా, నేనూ మగ్గం మీదే ఉన్నాను. ఇక్కడ రోజు పోతే ఆ రోజు కూలి పోతుంది, నాలుగు రోజులు పోతే మగ్గం ఇంకొకడికి పోతుంది. ఆరోగ్య పథకం కార్డు మీద ఆపరేషన్ అయిపోతుంది, సరే. గది అద్దె, ఆటోలు, పాలు, గుడ్లు కార్డు ఇస్తుందా? మా అమ్మ జబ్బప్పుడు అవన్నీ నేనే పంపాను. ఊళ్ళో మాత్రం "చిన్నోడు రాలేదు" అన్నారు. ఈ అక్క మరిదిని తిట్టేముందు అతను ఎంత పంపుతున్నాడో అడగండి.

ఇంకో మాట. లేడీస్ వార్డులో రాత్రిపూట మగవాళ్ళని ఉంచరు. అది తెలుసా మీకు?

గుణుపురం మాస్టారు
తెలుసు నాయనా. కానీ ఇక్కడ వార్డు మాటే లేదు. కరెంటుకి రోజూ పొద్దున తీసుకెళ్ళి తీసుకురావటమే, గదిలో ఉండటమే. అక్కడ కొడుకుని ఆపేవాళ్ళు ఎవరు? నువ్వు డబ్బు పంపావు, మంచిదే. నువ్వు పంపలేదని నేను అన్లేదు.

కిమిడి కోడలు
సింహాచలం గారూ, మరిదిని నేను తిట్టలేదండీ. అందరికంటే ఎక్కువ పంపింది అతనే. నా గోల పెద్ద బావగారితో. నెలజీతం, సెలవలున్నాయి, భువనేశ్వర్ నుంచి రైలెక్కితే పూటలో విశాఖ. ఆయన ఫోన్ చేసి "మందులు టైముకి వేస్తున్నావా" అని నన్నే అడుగుతారు.

ప్రకృతి వైద్యం
[ఈ పోస్టు తొలగించబడింది]

మోడరేటర్
కషాయం పొట్లాలు అమ్ముకునేవాళ్ళు వేరే చోటు చూసుకోండి. "కరెంటు ఆపేసి మా మందు వాడండి" అని రాస్తే పోస్టు ఉండదు, సభ్యత్వం కూడా ఉండదు.

బరంపురం బాబ్జీ
మోడరేటర్ గారూ, ఆ పొట్లం ధర చూసేలోపే తీసేశారు. మా ఆవిడ గ్రూపులో పెట్టి ఒకరోజు వినోదం చూద్దామనుకున్నాను.

జైపూర్ జానకి
నేను స్టాఫ్ నర్సుని, కాన్సర్ వార్డులో కొన్నేళ్ళు చేశాను. కోడలమ్మా, నోటి సంగతి వివరంగా రాస్తాను, కాపీ చేసి పెట్టుకో.

మొదటి వారం పెద్దగా ఏమీ అనిపించదు. "ఇంతేనా" అనుకుంటారు. రెండో వారం చివర్లోనో మూడో వారంలోనో నోరు పూయటం మొదలవుతుంది. చివరికొచ్చేసరికి బాగా ముదురుతుంది, కరెంటు ఆగిపోయాక కూడా ఒకటి రెండు వారాలు అలాగే ఉంటుంది. ఇది ముందే తెలియకపోతే ఇంట్లోవాళ్ళు భయపడి "వైద్యం వికటించింది" అని మధ్యలో మానిపించేస్తారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు. మధ్యలో రోజులు పోతే వైద్యం బలం తగ్గుతుంది.

లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా వేసి రోజుకి చాలాసార్లు పుక్కిలించాలి, ముఖ్యంగా తిన్నాక, పడుకునేముందు. ఏ రోజుకారోజు కొత్తగా కలుపుకోండి. షాపుల్లో అమ్మే మండే మౌత్‌వాష్ వద్దు. కారం, పులుపు, కరకరలాడేవి బంద్. చోడి (రాగి) జావ, మెత్తగా ఉడికించిన పప్పన్నం, గుడ్డు, పెరుగు, మజ్జిగ. వేడిగా పెట్టొద్దు, గోరువెచ్చగా కూడా కొందరు తట్టుకోలేరు. మింగటానికి మరీ కష్టమైతే ముక్కులోంచి పైపు వేస్తారు. పైపు అనగానే చివరి దశ అని ఏడవకండి. బరువు తగ్గకుండా కరెంటు పూర్తి చేయించటానికే అది.

పళ్ళ డాక్టరు చూశాడా? పుచ్చిన పళ్ళు ఉంటే కరెంటు మొదలవకముందే తీయించేయాలి. తర్వాత తీస్తే దవడ ఎముక మానకపోవచ్చు, అది పెద్ద తలనొప్పి.

మెడ మీద, చెంప మీద పౌడరు, నూనె, సెంటు రాయొద్దు. మెత్తటి నూలు బట్ట వేసుకోవాలి. కీమో వారాల్లో 100.4 దాటి జ్వరం వస్తే మాత్ర వేసి పడుకోబెట్టొద్దు, అర్ధరాత్రైనా ఆసుపత్రికే. ఇది మాత్రం ఎవరి సలహా కోసమూ ఆగొద్దు.

చుట్ట ఆపిందా?

కిమిడి కోడలు
పళ్ళ డాక్టరు చూశారు జానకి గారూ, రెండు తీశారు. చుట్ట దగ్గరే ఇరుక్కుపోయాం. ఇంట్లో ఉన్నవన్నీ పారేశాను. అయినా దొడ్లోంచి వాసన వస్తుంది. ఎవరిస్తున్నారో కనిపెడితే, మావయ్య! "దానికి అదొక్కటే సరదా, ఎన్నాళ్ళుంటుందో" అంటారు ఆయన. ఆయన్నేమనగలను?

జైపూర్ జానకి
తాగుతూ ఉంటే కరెంటు అంత బాగా పనిచెయ్యదని, పుండ్లు ఇంకా మండుతాయని మావయ్యని డాక్టరు ముందు కూర్చోబెట్టి చెప్పించు. కోడలు చెబితే చాదస్తం, డాక్టరు చెబితే వైద్యం. ఆవిడకి మానటం కష్టంగా ఉంటే అక్కడే అడగండి, దానికీ మందులు, కౌన్సెలింగ్ ఉన్నాయి.

రాయగడ రమణి
మా పెద్దమ్మకీ అడ్డపొగే. ఆ తరంలో మా వైపు ఆడవాళ్ళలో సగంమంది అంతే, పనిచేసుకుంటూ నిప్పు లోపలే పెట్టుకుని తిరిగేవారు. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల్లో దీని మీద డాక్టర్లు దశాబ్దాల క్రితమే పరిశోధనలు చేశారట, అంగిలికి కాన్సర్ ఇందువల్లనే ఎక్కువని. ఇప్పుడు ఆడపిల్లలు చుట్ట మానేశారు, మా వీధిలో పళ్ళకి గుడాఖు రాస్తున్నారు. అందులోనూ ఉన్నది పొగాకే.

అడగటం మరిచాను, మీ అత్తకి జబ్బు పేరు చెప్పారా? మావాళ్ళు పెద్దమ్మకి చెప్పలేదు, "పుండు, తగ్గిపోతుంది" అన్నారు. పక్క బెడ్డావిడ ఒడియాలో అంతా చెప్పేసింది. మావాళ్ళకి ఒడియా అంతంతమాత్రం, పెద్దమ్మకి మాత్రం పుట్టింటి భాష. వాళ్ళ ముందే ఆవిడతో చికిత్స అంతా మాట్లాడేసుకుంది, వీళ్ళు కూరల గురించి అనుకున్నారు.

కిమిడి కోడలు
చెప్పలేదండీ. పెద్ద బావగారు వద్దన్నారు, అమ్మ గుండె ఆగిపోతుందని.

కాశీబుగ్గ కాంతం
ఇప్పటిదాకా రాసినవాళ్ళంతా మంచం పక్కన కూర్చున్నవాళ్ళే. మంచం మీద పడుకున్నదాన్ని నేను. నాకు గొంతులో వచ్చింది, కరెంటు, కీమో అన్నీ అయ్యాయి. ఇప్పుడు బాగానే ఉన్నాను, గొంతు బొంగురుగా ఉంటుంది అంతే.

నా తల మీదుగా అందరూ మాట్లాడుకునేవాళ్ళు. ఎవరు ఉండాలి, ఎక్కడికి తీసుకెళ్ళాలి, దానికి ఏం పెట్టాలి అని. నన్నడిగినవాళ్ళు లేరు. పేరు చెప్పలేదు కానీ గుమ్మం మీద కాన్సర్ ఆసుపత్రి అని ఇంత అక్షరాల్లో రాసి ఉంది, నేను నాలుగో తరగతి చదివాను. నాకు తెలుసని వాళ్ళకి తెలియకుండా నేను నటించాల్సి వచ్చేది. ఒంట్లో ఓపిక లేనప్పుడు అదొక చాకిరీ.

చుట్టాల సంగతి చెప్పనా. మంచం మీద నా కాళ్ళ దగ్గర కూర్చుని, నాకు తెచ్చిపెట్టిన పళ్ళు తింటూ, "పాపం మా ఆడపడుచు తోటికోడలికీ ఇదే, దసరా దాకా కూడా ఉండలేదు" అనేవారు. నా ముఖం మీదే. మా అబ్బాయి గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, "డాక్టరు ఎవర్నీ రానివ్వొద్దన్నారండీ, ఇన్ఫెక్షన్" అనేవాడు. చెడ్డపేరు వాడు తీసుకున్నాడు, నేను నిద్రపోయాను.

కోడలమ్మా, ఎవరు రావాలో అత్తనే అడుగు. నువ్వనుకున్న మనిషి కాకపోవచ్చు.

బరంపురం బాబ్జీ
కాంతం గారూ, ఆ అబ్బాయిని మా ఇంటికి కూడా పంపండి. కాన్సర్ లేదు, చుట్టాలే ఉన్నారు.

సిరొంచ శీను
గోదావరి ఇవతల గడ్చిరోలి జిల్లా మాది. మా నాన్నకి హైదరాబాద్ ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రిలో చేయించాం. మావాళ్ళు నాగపూర్ అన్నారు, కానీ మాకు కాళేశ్వరం వంతెన దాటితే తెలుగు. రోగికి డాక్టరు మాట అర్థమవ్వాలి కదా, నాన్నకి మరాఠీ ఆఫీసుల వరకే. అక్కడ చిక్కల్లా కార్డే. మహారాష్ట్ర పథకం అటు నడవలేదు, తెలంగాణ ఆరోగ్యశ్రీకి మా రేషన్ కార్డు పనికిరాదు. మీకు అలాంటి చిక్కు రాలేదా?

కిమిడి కోడలు
వచ్చింది శీను గారూ. నా పుట్టిల్లు టెక్కలి, మా అమ్మవాళ్ళది ఆంధ్రా కార్డు. అత్తది ఒడిశా. ఆపరేషన్‌కి ముందు కార్డు చూపిస్తే కౌంటర్లో అటూ ఇటూ తిప్పారు, చివరికి అయింది.

గుణుపురం మాస్టారు
ఇది అందరికీ పనికొస్తుంది. ఇదివరకు ఒడిశాలో బిజు స్వాస్థ్య కళ్యాణ్ యోజన ఉండేది. 2024లో గోపబంధు జన ఆరోగ్య యోజన అని మార్చారు, 2025 ఏప్రిల్‌లో ఆయుష్మాన్ కూడా కలిపారు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఇంట్లో ఆడవాళ్ళకి అదనంగా మరో 5 లక్షలు. ఆయుష్మాన్ కార్డు రాష్ట్రం దాటినా ఆ పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో చెల్లుతుంది. కాబట్టి శీను గారూ, మీరు కూడా ఆయుష్మాన్ కార్డు తీసుకున్నారో లేదో చూసుకోండి. చేర్చేముందు ఆసుపత్రిలో ఆయుష్మాన్ డెస్కు దగ్గర ఆ చికిత్సకి అక్కడ అనుమతి ఉందో లేదో అడిగేయాలి. కరెంటు, కీమో వేర్వేరు ప్యాకేజీలు, ఒకటి ఓకే అంటే రెండోది కూడా ఓకే అనుకోవద్దు.

ముంబై టాటా మెమోరియల్‌కే వెళ్ళాలని కొందరు పట్టుబడతారు. మన వాళ్ళకి అగనంపూడిలో హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రి ఉంది, టాటా వాళ్ళదే. దువ్వాడ స్టేషన్ దగ్గర. కటక్‌లో ఆచార్య హరిహర ఉంది. ఆరు వారాల కరెంటుకి దగ్గర ఊరే మేలని నా ఉద్దేశం. ముంబైలో ఆ ఆసుపత్రి ఉన్న పరేల్ ఫుట్‌పాత్ మీద ఒంటరిగా కూర్చుని తోడు వచ్చినవాడు ఏడిస్తే చూసేవాడుండడు.

సూరత్ సింహాచలం
మాస్టారూ, ఈ ముక్కకి మాత్రం దండం. రైలు సంగతి కూడా రాయండి, నాకు తెలిసింది చెప్తా. కాన్సర్ పేషెంటుకి స్లీపర్లో, థర్డ్ ఏసీలో టికెట్టు పూర్తిగా ఉచితం, తోడు ఒకరికి 75 శాతం తగ్గింపు. సెకండ్ క్లాసులో ఇద్దరికీ 75 శాతం. ఆసుపత్రి ఇచ్చే రాయితీ ఫారం మీద డాక్టరు సంతకం, సీలు ఉండాలి. అమ్మని ఊరికి తెచ్చినప్పుడు అలాగే తెచ్చాం.

రాయగడ రమణి
పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు, కరెంటు పెట్టినవాళ్ళ ఒంట్లోంచి ఆ కిరణాలు వస్తాయి అని మా ఎదురింటావిడ అంటోంది. నిజమా?

జైపూర్ జానకి
కాదు. మిషన్ బయటి నుంచి పెడుతుంది, ఆపగానే అయిపోయింది. ఒంట్లో ఏమీ మిగలదు. మనవల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చు. జలుబు, దగ్గు ఉన్న పిల్లాడైతే మాత్రం కీమో వారాల్లో దూరంగా ఉంచండి, అది పిల్లాడి కోసం కాదు, ఆవిడ కోసం.

కిమిడి కోడలు
కాంతం గారు చెప్పినట్టు నిన్న అత్త దగ్గర కూర్చుని అడిగాను. జబ్బు పేరు నేను ఎత్తకముందే "కాన్సరేగా, ఆ మాస్కు వేసినప్పుడే అనుకున్నాను" అంది. కరెంటు కోసం ముఖానికి అచ్చు తీశారు కదా, వేడినీళ్ళలో ముంచి మెత్తబడ్డాక ముఖం మీద పరిచి, గట్టిపడేదాకా కదలొద్దన్నారు. ఉత్త పుండుకి ఇంత హంగామా ఎవరు చేస్తారు అంది. ఏడవలేదు. మావయ్యకి తెలుసా అని మాత్రం అడిగింది.

ఎవరు ఉండాలి అంటే నన్ను కాదు, ఆడపడుచుని కాదు, సూరత్ మరిదిని అడిగింది! "వాడైతే నోరు మూసుకుని కూర్చుంటాడు. నువ్వు గంటకోసారి ఏమైనా తింటావా అంటావు, అది నా ముఖం చూసి ఏడుస్తుంది, పెద్దోడు డాక్టర్లతో దెబ్బలాడతాడు" అంది. నేనేమో అందరూ రావాలని పోరాడుతున్నాను.

మాస్టారూ, తేదీలు రాసి గ్రూపులో పెట్టాను. గంటసేపు ఎవరూ పలకలేదు. తర్వాత ఆడపడుచు ఒక వారం రాసుకుంది, ఆ కింద మా ఆయన, ఆశ్చర్యంగా. పెద్ద బావగారు బొటనవేలి బొమ్మ పెట్టారు. ఏ వారానికో చెప్పలేదు.

బరంపురం బాబ్జీ
బొటనవేలు అంటే అన్ని వారాలకీ అని అర్థం చేసుకుని ఆయన పేరు అన్నింట్లో రాసేయండి.

సూరత్ సింహాచలం
అక్కా, మరిదికి ఫోన్ చేసి ఈ మాట చెప్పండి, వాట్సాప్‌లో కాదు. కూలి పోయినా పరవాలేదు అనిపించే మాట అది. చివరి రెండు వారాలకి రమ్మనండి, అప్పుడే ఎవరో ఒకరు మాట్లాడకుండా కూర్చోవాలి. మగ్గం సేఠ్‌కి అమ్మ ఆసుపత్రి కాగితం ఫొటో చూపిస్తే మా దగ్గర కొందరు పని అట్టేపెడతారు.

కాశీబుగ్గ కాంతం
"ఏమైనా తింటావా" అని అడగొద్దు తల్లీ. గ్లాసు పక్కన పెట్టి వెళ్ళిపో. నేను అలాగే తాగేదాన్ని, ఎవరూ చూడనప్పుడు.

కిమిడి కోడలు
సరే కాంతం గారూ. జావ పల్చగా చేసి గుడ్డలో వడగట్టి పెడుతున్నాను, చోడి తవుడు గొంతుకి గుచ్చుకుంటోందట. పెరుగన్నం మిక్సీలో తిప్పితే వాసనకే వాంతి అంది. మజ్జిగ పరవాలేదు.

ఇంకో డౌటు జానకి గారూ. నోరు సరిగా తెరుచుకోవట్లేదు, చెంచా కూడా పక్కగా పెట్టాలి.

జైపూర్ జానకి
కండరాలు బిగుసుకుంటాయి, ఇప్పటినుంచే వ్యాయామం చెయ్యాలి. శుభ్రమైన ఐస్‌క్రీం పుల్లలు ఒకదానిమీద ఒకటి పేర్చి పళ్ళ మధ్య పెట్టి కాసేపు ఉంచాలి. అలవాటయ్యేకొద్దీ ఒక్కో పుల్ల పెంచాలి. ఆపరేషన్ అయినచోట కుట్లు ఎలా ఉన్నాయో చూసి ఎన్ని పుల్లలతో మొదలుపెట్టాలో ఫిజియోథెరపీ వాళ్ళు చెబుతారు, రేపు వెళ్ళినప్పుడు అడుగు. కరెంటు అయిపోయాక కూడా నెలల తరబడి మానకూడదు.

బరంపురం బాబ్జీ
పుల్లల సంగతి నాకు వదిలేయండి. మా ఇంట్లో ముగ్గురు పిల్లలు, నేను నాలుగోవాణ్ణి. కడిగి, ఎండబెట్టి పర్లాకిమిడి బస్సుకి ఇచ్చి పంపుతాను.

జైపూర్ జానకి
ఎంగిలి పుల్లలొద్దు బాబ్జీ గారూ. మందుల షాపులో కొత్తవి కట్టగా దొరుకుతాయి.